విపత్తుకు ముందే కొనాల్సిన పరికరం.. గ్రాంటు నిధుల నిబంధనలు ఏం చెబుతున్నాయి?

హథ్‌ఖోజ్ (దుర్గ్ జిల్లా, ఛత్తీస్‌గఢ్): భిలాయ్ శివారులోని హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామికవాడలో ఒక కర్మాగారం నుంచి అర్ధరాత్రి వేళ విషవాయువు వెలువడిందనుకుందాం. అక్కడికి మొదట చేరేది ఎవరు? చేరినవారి వీపున గాలి సిలిండరు ఉంటుందా? ఉంటే అది నిండి ఉంటుందా? ఈ ప్రశ్నలకు జవాబు ప్రమాదం జరిగిన రాత్రి తేలేది కాదు. అంతకు రెండు మూడేళ్ల ముందు ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కదిలిన, లేదా కదలకుండా ఉండిపోయిన దస్త్రంలోనే అది నిర్ణయమై ఉంటుంది.

ఈ ఊహకు భిలాయ్‌లో చేదు నేపథ్యం ఉంది. 2014 జూన్ 12న భిలాయ్ ఉక్కు కర్మాగారంలోని పంప్‌హౌస్ వద్ద నీటి సరఫరాలో తలెత్తిన లోపంతో పీడనం పడిపోయి, వాయువు బయటికి తన్నుకొచ్చింది. ఇద్దరు సీనియర్ అధికారులు సహా ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ విభాగంలో వాయు గొట్టానికి నిర్వహణ పనులు జరుగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా మరణించారు. సోవియట్ సహకారంతో నిర్మితమై, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించిన ఈ ఉక్కునగరానికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలసవచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అందువల్ల భిలాయ్‌లో జరిగే ప్రమాదం ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ ఫోన్లు మోగిస్తుంది.

ఉక్కు కర్మాగారానికి సొంత అగ్నిమాపక దళం, సొంత కొనుగోలు విధానం ఉన్నాయి. హథ్‌ఖోజ్ వంటి పారిశ్రామికవాడల్లోని చిన్న, మధ్యతరహా యూనిట్ల పరిస్థితి అది కాదు. కర్మాగారం గోడ దాటిన ప్రమాదాన్ని ఎదుర్కోవలసింది ప్రభుత్వ అగ్నిమాపక సిబ్బందే. వారి చేతికి వచ్చే పరికరాల్లో గణనీయమైన భాగం కేంద్ర, రాష్ట్ర గ్రాంటు నిధులతో కొనవలసినదే. ఆ కొనుగోళ్లకు వర్తించే నిబంధనలేమిటో, వాటిలో చిక్కుముడి ఎక్కడుందో పరిశీలించడం ఈ కథనం ఉద్దేశం.

ఎవరి బాధ్యత, ఎవరి సొమ్ము

ముందుగా ఒక సరిహద్దు గీసుకోవాలి. ప్రమాదకర రసాయనాలను నిర్ణీత పరిమాణానికి మించి వినియోగించే కర్మాగారం తన ఆవరణలోని భద్రతా పరికరాలను తన సొమ్ముతోనే సమకూర్చుకోవాలి. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989లో అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళిక యాజమాన్యం బాధ్యత, గోడ బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. లోపలి ప్రణాళికపై ఆరు నెలలకోసారి, బయటి ప్రణాళికపై ఏడాదికి కనీసం ఒకసారి కసరత్తు జరగాలి. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనలు మరో అడుగు ముందుకు వేసి, జిల్లా స్థాయిలోనూ పారిశ్రామిక ప్రాంతాల స్థాయిలోనూ సంక్షోభ నివారణ బృందాలను ఏర్పాటు చేయాలన్నాయి. స్థానిక బృందం నెలకోసారి, జిల్లా బృందం 45 రోజులకోసారి సమావేశం కావాలి. ఏయే పరికరాలు కొరవడ్డాయో తేల్చి చెప్పడానికి ఇంతకు మించిన వేదిక లేదు. ఈ సమావేశాల మినిట్స్ సక్రమంగా ఉన్న జిల్లాలో గ్రాంటు ప్రతిపాదన రాయడం సగం పూర్తయినట్టే.

గోడ బయట పరికరాల కొనుగోలుకు ప్రధాన ఆధారం రాష్ట్ర విపత్తు స్పందన నిధి. ఇక్కడ పొడి అక్షరాలు కొంత గందరగోళం సృష్టిస్తాయి. ఎస్‌డీఆర్‌ఎఫ్ అంటే ఒకచోట నిధి, మరోచోట దళం. ఎన్‌డీఆర్‌ఎఫ్ కూడా అంతే. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 46, 48 సెక్షన్లు నిధులకు సంబంధించినవి. నారింజ రంగు దుస్తుల్లో పడవలపై కనిపించే దళం వేరు. వార్తల్లో ‘ఎస్‌డీఆర్‌ఎఫ్‌కు ఇన్ని కోట్లు’ అని వస్తే అది దాదాపు ఎప్పుడూ నిధి గురించే.

పదిహేనో ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు అయిదేళ్లకు రాష్ట్రాల విపత్తు నిధుల కింద మొత్తం రూ.1,60,153 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 80 శాతం స్పందన నిధికి, 20 శాతం ఉపశమన నిధికి వెళ్తాయి. స్పందన నిధిలో మళ్లీ 12.5 శాతాన్ని సన్నద్ధత, సామర్థ్య పెంపు కోసం ప్రత్యేకించాలని సంఘం చెప్పింది. అన్ని రాష్ట్రాలకూ కలిపి ఇది సుమారు రూ.16,015 కోట్లు. సాధారణ రాష్ట్రాల్లో స్పందన నిధికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూరుస్తాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాల్లో ఆ నిష్పత్తి 90:10. అంతకుముందు, 2015-20 నాటి ప్రమాణాల్లో గాలింపు, రక్షణ, తరలింపు పరికరాల కొనుగోలుకు వార్షిక కేటాయింపులో 10 శాతం, శిక్షణకు 5 శాతం చొప్పున గరిష్ఠ పరిమితులు ఉండేవి. ఎంత అవసరమో నిర్ధారించే అధికారం ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే రాష్ట్ర కార్యనిర్వాహక సంఘానిది. జిల్లా అధికారి అంచనా ఎంత కచ్చితమైనదైనా, ఆ సంఘం ముద్ర పడనిదే నిధి కదలదు.

అగ్నిమాపక సేవలకు ఇది కాక వేరొక ద్వారం తెరుచుకుంది. జాతీయ స్పందన నిధిలోని సన్నద్ధత పద్దు నుంచి రూ.5,000 కోట్లతో రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ పథకాన్ని కేంద్ర హోంశాఖ 2023లో ప్రారంభించింది. చట్టపరమైన, మౌలిక సంస్కరణలు చేపట్టిన రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా అందులో రూ.500 కోట్లు పక్కన పెట్టింది. ఈ పథకం కింద 2024 నవంబరులో హోంమంత్రి నేతృత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ మూడు రాష్ట్రాలకు రూ.725.62 కోట్ల ప్రాజెక్టులను ఆమోదించింది. పశ్చిమ బెంగాల్‌కు రూ.376.76 కోట్లు, ఒడిశాకు రూ.201.10 కోట్లు, ఛత్తీస్‌గఢ్‌కు రూ.147.76 కోట్లు. అయితే ఇది ఉచితంగా వచ్చే సొమ్ము కాదు. ప్రాజెక్టు వ్యయంలో 25 శాతాన్ని రాష్ట్రం తన బడ్జెట్ నుంచి పెట్టాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు మాత్రం అది 10 శాతం.

చేతిలో ఉన్నా ముట్టలేని డబ్బు

గ్రాంటు నిబంధనల్లో పౌరుడికి అన్నిటికన్నా వింతగా తోచేది పద్దుల మధ్య గోడ. జనాభా 10 లక్షలు దాటిన పట్టణ సముదాయాల్లో దుర్గ్-భిలాయ్‌నగర్ ఒకటి. ఆ హోదాతో పదిహేనో ఆర్థిక సంఘం కింద లభించే పట్టణ గ్రాంటు గాలి నాణ్యత, తాగునీరు, పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణకు ముడిపడి ఉంది. ధూళి అణచడానికి నీళ్లు చిమ్మే వాహనం కొనడానికి పనికొచ్చే ఆ సొమ్ము, మంటలు ఆర్పడానికి నీళ్లు చిమ్మే వాహనం కొనడానికి పనికిరాదు. చూపుకు రెండూ నీటి ట్యాంకులే. పద్దు దృష్టిలో మాత్రం రెంటికీ పోలికే లేదు. ఒక పద్దు సొమ్మును మరో పద్దుకు వాడితే, సదుద్దేశంతో వాడినా, అది మళ్లింపే. ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవలసింది సంతకం చేసిన అధికారి.

ఇలాంటిదే మరొక చిక్కు ‘విపత్తు’ అనే మాటలో ఉంది. 2005 చట్టం ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. ప్రకృతి వల్లనే కాదు, మానవ కారణాల వల్ల, ప్రమాదం లేదా నిర్లక్ష్యం వల్ల సంభవించి, బాధిత సమాజం తట్టుకునే శక్తికి మించిన ఘోరం ఏదైనా విపత్తే. కానీ స్పందన నిధి నుంచి సాయం చెల్లించదగిన విపత్తుల జాబితా అంత విశాలం కాదు. తుపాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, హిమపాతం, కుంభవృష్టి, తెగుళ్లు, మంచు-శీతగాలులు అందులో ఉన్నాయి. రసాయన వాయువు లీకేజీ లేదు. స్థానిక పరిస్థితుల దృష్ట్యా జాబితాలో లేని విపత్తును రాష్ట్రం తన ప్రాధికార సంస్థ ఆమోదంతో నోటిఫై చేసుకోవచ్చు. అప్పుడు నిధిలో 10 శాతం వరకు దానికి వాడవచ్చు. ఉక్కు, రసాయన పరిశ్రమలున్న జిల్లాలకు ఈ వెసులుబాటు ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కర్లేదు.

టెండరు లేకుండా కొనవచ్చా?

కొనవచ్చు, కానీ ఎప్పుడు అన్నదే ప్రశ్న. విపత్తు నిర్వహణ చట్టంలోని 50వ సెక్షన్ అత్యవసర కొనుగోళ్లకు ఉద్దేశించినది. విపత్తు ముంచుకొస్తున్నప్పుడో, సంభవించినప్పుడో రక్షణ, సహాయ చర్యలకు తక్షణ కొనుగోలు తప్పనిసరని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా ప్రాధికార సంస్థ భావిస్తే సంబంధిత శాఖకు అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు టెండర్లు పిలిచే సాధారణ పద్ధతి రద్దయినట్టే పరిగణించాలి. నియంత్రణాధికారి ఇచ్చే వినియోగ ధ్రువపత్రాన్నే చెల్లుబాటయ్యే వోచరుగా స్వీకరించాలి. చట్టం ఇంత ఉదారంగా మాట్లాడే సందర్భాలు తక్కువ.

అయితే ఆ ఔదార్యం ముప్పు కళ్లెదుట నిలిచినప్పుడే పనిచేస్తుంది. ‘వచ్చే వేసవిలో ప్రమాదం జరగవచ్చు’ అన్న అంచనాతో శ్వాస పరికరాలు కొనదలిస్తే 50వ సెక్షన్ తలుపు తట్టడం కుదరదు. అంటే ప్రాణాలు కాపాడే పరికరాన్ని ప్రమాదానికి ముందు కొంటే పూర్తి టెండరు ప్రక్రియ, ప్రమాదం తర్వాత కొంటే పూర్తి స్వేచ్ఛ. ఇందులో తర్కం లేకపోలేదు. ముప్పు లేనప్పుడు పోటీ లేకుండా కొంటే ధర పెరుగుతుంది, దుర్వినియోగానికి దారి తెరుచుకుంటుంది. కానీ శ్వాస పరికరం, వాయు శోధకం వంటివి ప్రమాదం జరిగాక ఎంత వేగంగా కొన్నా ఆ ప్రమాదానికి ఉపయోగపడవు. బియ్యం, టార్పాలిన్లు, మందుల విషయంలో 50వ సెక్షన్ సహాయకారి. మొదటి గంటలో అవసరమయ్యే పరికరాల విషయంలో దాని ప్రయోజనం నామమాత్రం.

విశాఖపట్నం అనుభవం దీనికి సాక్ష్యం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మృతి చెందిన ఘటనలో, ట్యాంకులోని రసాయన చర్యను అదుపు చేసే నిరోధకాన్ని గుజరాత్‌లోని వాపి నుంచి విమానంలో తెప్పించవలసి వచ్చింది. రసాయన ప్రమాదాల్లో నిపుణులైన జాతీయ దళ సభ్యులు పుణె నుంచి విమానంలో వచ్చారు. తెప్పించడంలో ప్రభుత్వాలు ఆలస్యం చేయలేదు. కానీ నిద్రలోనే ఆవిరి పీల్చిన గ్రామస్థుల విషయంలో కీలకమైన గంటలు విమానం బయల్దేరకముందే గడిచిపోయాయి.

ఒక కొనుగోలు ఎలా నడుస్తుంది

సాధారణ మార్గం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక అగ్నిమాపక కేంద్రానికి 20 శ్వాస పరికరాలు కావాలనుకుందాం. కేంద్ర నిధులతో కేంద్ర సంస్థలు జరిపే కొనుగోళ్లకు సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017 వర్తిస్తాయి. రాష్ట్ర శాఖలకు వాటి సొంత నిబంధనలు ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో అవి 2002 నాటి భండార్ క్రయ నిబంధనలు. వాటిని సవరిస్తూ, ప్రభుత్వ శాఖలు కేంద్రం నడిపే జెమ్ పోర్టల్ ద్వారానే కొనాలని రాష్ట్ర మంత్రివర్గం 2024 జులైలో నిర్ణయించింది. అప్పటి వరకు ఉన్న రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ రేటు ఒప్పందాలకు స్వస్తి పలికింది. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడను చూసే సంస్థ కూడా అదే కావడం గమనార్హం.

పోర్టల్‌లోకి వెళ్లేముందే అసలు పని జరగాలి. అది పరికరం వివరణ రాయడం. ఇక్కడ ఒక మాట తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. కొనుగోలు పత్రంలో ‘గ్యాస్ మాస్కులు’ అని మాత్రమే రాస్తే, కనిష్ఠ ధర సూత్రం ప్రకారం చవకైన వడపోత మాస్కు సరఫరా చేసే సంస్థకే ఆర్డరు దక్కుతుంది. ఆ మాస్కు చుట్టూ ఉన్న గాలిని వడకడుతుందే తప్ప గాలిని ఇవ్వదు. ఆక్సిజన్ తగ్గిన చోట అది నిరుపయోగం. సాధారణ వడపోత డబ్బాలు కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపనూ లేవు. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో రంగు, వాసన లేని ఈ విషవాయువు 20 శాతానికి పైగా ఉంటుంది, అంటే పది లక్షల భాగాల్లో రెండు లక్షల భాగాలు. అదే పరిమాణంలో 1,200 భాగాలు దాటితేనే ప్రాణానికి తక్షణ ముప్పని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. అక్కడ కావలసింది వీపున సిలిండరు, ముఖానికి ధన పీడన ముసుగు ఉండే స్వయంపూరిత శ్వాస పరికరం. దానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10245 రెండో భాగం. వివరణలో ఆ ప్రమాణ సంఖ్య ఉంటే తక్కువ ధర పోటీ కూడా ఆ ప్రమాణానికి లోబడే జరుగుతుంది.

అలాగని ఫలానా కంపెనీ మోడలును చూసి, దాని కొలతలను యథాతథంగా వివరణలోకి ఎక్కించడమూ తగదు. పోటీకి అవకాశం లేకుండా రాసిన వివరణ ఆడిట్ అభ్యంతరాలకు పుట్టినిల్లు. పనితీరును వర్ణించాలి, పేరును కాదు. ఒకే సంస్థ నుంచి నేరుగా కొనడం నిషిద్ధం కాదు. ఆ వస్తువు ఒక్కరే తయారు చేస్తున్నప్పుడు, అత్యవసరమైనప్పుడు, ఇప్పటికే ఉన్న పరికరాలకు సరిపోయే విడిభాగాలు కావలసినప్పుడు అది అనుమతించదగినదే. అయితే కారణాన్ని దస్త్రంలో రాసి, తగిన స్థాయి అధికారి ఆమోదం పొందాలి. శ్వాస పరికరాల విషయంలో ఇది ఊహాజనితమైన సందర్భం కాదు. ఒక కంపెనీ సిలిండరు మరో కంపెనీ ముసుగుకు అమరకపోవచ్చు.

మరో తప్పు ముక్కలు చేయడం. 20 పరికరాలు ఒకేసారి కొంటే బహిరంగ టెండరు పిలవవలసి వస్తుందని నాలుగు చొప్పున అయిదుసార్లు కొటేషన్లపై కొనడం నిబంధనల ప్రకారం నేరుగా నిషిద్ధం. కొటేషన్ల పరిమితులు కాలానుగుణంగా పెరుగుతున్నా ఈ సూత్రం మారలేదు. మార్చి నెలాఖరున నిధులు మురిగిపోతాయన్న తొందరలో జరిగే కొనుగోళ్లలో ఈ ముక్కల ధోరణి ఎక్కువగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

సరఫరాదారు ఎవరన్న దానిపైనా ఆంక్షలున్నాయి. భారత్‌తో భూ సరిహద్దు పంచుకునే దేశాల బిడ్డర్లు ముందుగా సంబంధిత కమిటీ వద్ద నమోదు చేసుకోనిదే ప్రభుత్వ టెండర్లలో పాల్గొనరాదని కేంద్ర వ్యయ విభాగం 2020 జులై 23న ఆదేశించింది. రాష్ట్రాల కొనుగోళ్లకూ దీన్ని వర్తింపజేశారు. కొవిడ్ వైద్య సామగ్రికి మాత్రం ఆ ఏడాది డిసెంబరు 31 వరకు మినహాయింపు లభించింది. రక్షణ చర్యల్లో డ్రోన్లు, రేడియో సెట్లు, థర్మల్ కెమెరాల వాడకం పెరుగుతున్నందున ఈ నిబంధన ఇప్పుడు అగ్నిమాపక శాఖలకు దగ్గరి విషయమైంది. దీనికి తోడు, దేశీయ తయారీకి ప్రాధాన్యమిచ్చే 2017 ఉత్తర్వు ప్రకారం స్థానిక విలువ 50 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సరఫరాదారు మొదటి తరగతికి, 20 నుంచి 50 శాతం లోపు ఉన్నవారు రెండో తరగతికి చెందుతారు. రూ.200 కోట్ల వరకు ప్రపంచ స్థాయి టెండర్లు పిలవకూడదన్న 2020 నాటి నిబంధన కేంద్ర సంస్థలకు ఉంది. ఎత్తైన భవనాలకు వాడే నిచ్చెన వాహనాల వంటివి విదేశాల నుంచి వచ్చేవి కావడంతో అక్కడ ప్రత్యేక అనుమతులు అవసరమవుతాయి.

ఈ కట్టుబాట్లు మన దేశానికే పరిమితం కావు. అమెరికాలో సమాఖ్య ప్రభుత్వం అగ్నిమాపక కేంద్రాలకు ఇచ్చే సహాయ గ్రాంటులోనూ స్థానిక వాటా తప్పదు. 20,000 వరకు జనాభా ఉన్న ఊరు 5 శాతం, 10 లక్షల వరకు ఉన్నది 10 శాతం, అంతకు మించినది 15 శాతం భరించాలి. ఊరి బడ్జెట్‌లో ఇప్పటికే కేటాయించిన సొమ్మును గ్రాంటు వచ్చిందని వెనక్కి తీసుకోవడం అక్కడ నిషిద్ధం. కొన్ని చైనా కంపెనీల సమాచార పరికరాలను గ్రాంటు సొమ్ముతో కొనరాదు. జనాభాను బట్టి వాటా తగ్గించే పద్ధతి మాత్రం మన పథకంలో లేదు. ఇక్కడ వాటా నిర్ణయమయ్యేది రాష్ట్రం వర్గాన్ని బట్టే.

కొన్న తర్వాత

పరికరం గిడ్డంగికి చేరగానే పని అయిపోయిందనిపిస్తుంది. గ్రాంటు పరిభాషలో అప్పుడే రెండో అంకం మొదలవుతుంది. వచ్చిన సరుకును వివరణతో సరిపోల్చి తనిఖీ చేయాలి. స్టాక్ రిజిస్టరులో నమోదు చేయాలి. స్థిరాస్తులను ఏడాదికి ఒక్కసారైనా ప్రత్యక్షంగా లెక్కించి చూడాలని సాధారణ ఆర్థిక నిబంధనలు చెబుతున్నాయి. అమెరికా నిబంధనల్లో ఈ గడువు రెండేళ్లు. గ్రాంటు సొమ్ముతో సమకూరిన ఆస్తిని గ్రాంటు ఇచ్చినవారి ముందస్తు అనుమతి లేకుండా అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం పంపాలి. రాష్ట్ర ప్రభుత్వాలకు దాని నమూనా 12-సి. ఆ పత్రం అందకపోతే తదుపరి విడత ఆగిపోవచ్చు. ఒక జిల్లా ఆలస్యానికి రాష్ట్రమంతా మూల్యం చెల్లించే పరిస్థితి ఇలాగే వస్తుంది.

ధ్రువపత్రం చెప్పేది సొమ్ము ఉద్దేశించిన పనికి ఖర్చయిందని. పరికరం పనిచేసే స్థితిలో ఉందా అన్నది వేరే సంగతి. శ్వాస పరికరాల ఉదాహరణనే మళ్లీ తీసుకుంటే, 6.8 లీటర్ల సిలిండరును 300 బార్ల పీడనంతో నింపితే సుమారు 2,040 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్ల లెక్కన అది 51 నిమిషాలు వస్తుందని కాగితం మీద తేలుతుంది. బరువు మోస్తూ, మెట్లెక్కుతూ పనిచేసే మనిషికి అంతసేపు రాదు. అంటే 20 పరికరాలు కొని, గాలి నింపే కంప్రెసరు కొనకపోయినా, అదనపు సిలిండర్లు లేకపోయినా ఆ కేంద్రం చేతిలో ఉన్నది ఒకే ఒక్క విడత ప్రవేశం. ఆ తర్వాత సిలిండర్లు నింపించడానికి మరో ఊరు పంపాలి. కంప్రెసరుకు విద్యుత్తు, వడపోతలు, నడిపే మనిషి కావాలి. పీడన సిలిండర్లకు నిర్ణీత కాలానికి జల పరీక్ష చేయించాలి, పరీక్ష తేదీ సిలిండరు మెడపై ముద్రితమై ఉండాలి. ఇవన్నీ ఏటా వచ్చే ఖర్చులు. గ్రాంటు ఒక్కసారి వచ్చే సొమ్ము. ఈ రెంటి మధ్య ఖాళీని రాష్ట్రమో, స్థానిక సంస్థో తన బడ్జెట్‌తో పూడ్చుకోవాలి. ప్రతిపాదన రాసేటప్పుడే నిర్వహణ ఒప్పందాన్ని, శిక్షణను కొనుగోలు ధరలో భాగంగా అడిగిన శాఖలకు తర్వాత ఇబ్బంది తక్కువ. అడగని శాఖల్లో పరికరాలు పెట్టెల్లోనే వయసు మీరుతాయి.

భిలాయ్ వంటి నగరాలకు మరో మార్పు దగ్గరలో ఉంది. 2025 ఏప్రిల్ 9న అమల్లోకి వచ్చిన విపత్తు నిర్వహణ సవరణ చట్టం, రాష్ట్ర రాజధానులతో పాటు నగరపాలక సంస్థలున్న పెద్ద నగరాల్లో పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలను ఏర్పాటు చేయడానికి వీలు కల్పించింది. దానికి నగరపాలక కమిషనర్ అధ్యక్షుడు, జిల్లా కలెక్టర్ ఉపాధ్యక్షుడు. పారిశ్రామికవాడ నుంచి వచ్చే అవసరాల జాబితా జిల్లా కేంద్రం చుట్టూ తిరగకుండా నగర స్థాయిలోనే ప్రణాళికగా రూపుదిద్దుకునే అవకాశం దీనితో ఏర్పడుతుంది. నిధుల ద్వారాలు మాత్రం పాతవే.

వాహనాల విషయంలో గడియారం ఇంకా కచ్చితంగా నడుస్తోంది. ప్రభుత్వ సంస్థల వాహనాలకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరించరాదని కేంద్ర రవాణాశాఖ 2023 జనవరిలో ప్రకటించిన నిబంధన ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దేశ రక్షణ, శాంతిభద్రతలు, అంతర్గత భద్రతకు వాడే ప్రత్యేక వాహనాలకే అందులో మినహాయింపు ఇచ్చారు. అగ్నిమాపక శకటం సాధారణ లారీలా రోజూ వందల కిలోమీటర్లు తిరగదు. పదిహేనేళ్లకు దాని ఇంజిను అరిగిపోకపోవచ్చు, పంపు బాగానే ఉండవచ్చు. అయినా రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని రోడ్డెక్కించలేరు. ఈ లెక్కన 2025లో గ్రాంటుతో కొని రిజిస్టర్ చేసిన శకటం 2040లో పక్కకు తప్పుకోవాలి. దాని స్థానంలో వచ్చేదానికి ప్రతిపాదన, రాష్ట్ర వాటా, వివరణ, టెండరు, ఛాసిస్ కొనుగోలు, దానిపై ట్యాంకు, పంపు బిగింపు అన్నీ కలిపి పట్టే సమయాన్ని వెనక్కి లెక్కిస్తే, దస్త్రం 2037 నాటికైనా కదలడం మొదలుపెట్టాలి.